స్ట్రే అనే మాటా, మా అవ్వ నడకా

మొన్న కాణిపాకం పోయినప్పుడు దర్శనం చేసుకుని బయటికొచ్చి, ప్రసాదం పొట్లం విప్పుకుంటూ నీడన కూర్చున్నాం. మైకులో ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. వేలూరు పక్కనుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు తప్పిపోయారట, గళ్ల చీర కట్టుకున్నారట, పేరడిగితే చెప్పడం లేదట, ఆమె తాలూకు వాళ్లెవరైనా ఉంటే ఆఫీసు దగ్గరికి రావాలట. అదే సంగతి అరవంలో చెప్పారు, తర్వాత కన్నడంలో చెప్పారు. నాకు ఆమెతో పనేమీ లేదు. అయినా లేచి వెళ్లి చూశాను. బెంచీ మీద కూర్చుని ఎవరో ఇచ్చిన అరటిపండు ఒలుచుకుంటోంది. మైకులో చెబుతున్నది తన గురించేనని ఏమాత్రం తెలియనట్టు బయట టెంకాయల అంగళ్లను చూస్తోంది. కాసేపటికి కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చాడు. యాడికి పోయినావని అరవంలో గట్టిగా అరిచాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసి, చెమటలు పట్టినాయని కొంగుతో మొహం తుడిచింది.

తిరుగు బస్సులో దారి పొడవునా నాకు మా సుభద్రత్తే గుర్తొచ్చింది. ఆమె మా నాయనకు అక్క. తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "యాళ చిక్కలేదు" అని నవ్వేది. మా అవ్వ, అంటే నాయననూ అత్తనూ కన్నతల్లి, అత్త దగ్గరే ఉండేది. నేను డిగ్రీ చదువు కోసం చిత్తూరు నుంచి వచ్చి ఆ ఇంట్లో చేరాను. ఇంటింటికీ సెల్‌ఫోన్లు ఇంకా రాని కాలం. మనిషి గడప దాటితే, తిరిగి వచ్చి కనిపించేదాకా యాడ ఉండాడో ఎవరికీ తెలిసేది కాదు.

కపిలతీర్థం పోయే రోడ్డు నుంచి లోపలికి చీలిన సందులో ఉండేది ఆ ఇల్లు. ముందు వరండా, దానికి ఇనుప గేటు, లోపల హాలు, రెండు గదులు, వెనక వంటిల్లు, నీళ్ల తొట్టి. మిద్దె ఎక్కితే కొండ నిండుగా కనిపించేది. అవ్వ అందరికంటే ముందు లేచి, వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గేసి, పెరట్లో కట్టెల పొయ్యి రాజేసేది. వంటింట్లో గ్యాసు పొయ్యి ఉన్నా స్నానం నీళ్లు కట్టెల మీద కాగితేనే ఆమెకు తృప్తి. ఆ పొగా, అత్త కలిపే ఫిల్టర్ కాఫీ ఆవిరీ కలిసి ఒక వాసనై నా దుప్పట్లోకి దూరేవి. చలికాలమొస్తే ఇల్లంతా అనపకాయల వాసన. అవ్వ సాయంత్రం గింజలు ఒలిచి నానబెట్టేది. మర్నాడు ఒక్కో గింజనూ రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలేది, పప్పు గిన్నెలోకి దూకేది. మా జిల్లాలో పితికిపప్పు అంటే అదే. నేను నొక్కితే గింజ చితికిపోయేది. "బెదిరిస్తే రాదు మే, మెల్లిగా అడగల్ల" అనేది అవ్వ. వేడి రాగిసంగటి ముద్దలో గుంట చేసి ఆ పప్పు పులుసు పోసుకుంటే మా అత్త ఇంగ్లీషూ నా పరీక్షలూ అన్నీ కాసేపు వెనక్కి పోయేవి.

అన్నం తినేటప్పుడు అత్తకొక అలవాటు. ఆ రోజు పాఠంలో తగిలిన మాటల్లో ఒకదాన్ని పట్టుకుని అది యాడ పుట్టిందో, ఎవరెవరి ఇండ్లలో పెరిగిందో చెప్పేది. "సంబంధం మాట్లాడేటప్పుడు ఇంటిపేరు అడగరా? మాటకు కూడా అట్టనే అడగల్ల" అనేది. ఊరగాయ జాడీల పక్కనే ఆమె డిక్షనరీ ఉండేది. దాని అంచులకు పసుపు మరకలు. అవ్వకు ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు. అయినా చేయి కంచంలో ఆపి శ్రద్ధగా వినేది. "ఆ మాట యాడిదంట?" అని అడిగేది. "ఫ్రెంచి వాళ్లదమ్మా, ఆడినుంచి ఇంగ్లాండుకు వచ్చింది" అంటే, "అంత దూరం నుంచి నడిచొచ్చిందా, పాపం" అనేది. అత్త నవ్వేది కాదు. "అవును, నడిచే వచ్చింది" అనేది.

నేను రెండో ఏడాదిలో ఉండగా అవ్వలో మార్పు మొదలైంది. ముగ్గు సగం వేసి లోపలికి వచ్చేసేది. కూరలో ఉప్పు వేసిన సంగతి మర్చిపోయి మళ్లీ వేసేది. మేం నవ్వుకున్నాం, అంతే. ఒక మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వాకిలి బార్లా తెరిచి ఉంది, పొయ్యి మీద పాలు మాడిపోతున్నాయి, అవ్వ లేదు. పక్కిండ్లలో అడిగాను, మిద్దె మీద చూశాను. ఏం చెయ్యాలో తోచక వీధి మొగదల నిలబడి ఉండగా, మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకునే మునిరత్నం ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. బస్సులు ఆగే చోట నిలబడి కార్వేటినగరం బస్సు ఎప్పుడొస్తాదని అందరినీ అడుగుతా ఉండిందట. అవ్వ పుట్టిల్లు ఆ పక్క పల్లె. అమ్మానాయనలు పోయి, ఆ ఇంట్లో ఆమెకు సొంతమనే మనిషి లేకుండాపోయి చాలా కాలమైంది. "ఎనుములు ఇంటికి తిరిగే యాళైంది, నేను లేకుంటే పాలు పిండేదెవరు?" అని, పుట్టింటి గేదెలు ఎదురుచూస్తున్నట్టే, అవ్వ నన్నే కోప్పడింది.

ఆ తర్వాత అది మామూలైపోయింది. రెండు మూడు రోజులకొకసారి ఎవరో ఒకరు ఆమెను వెనక్కి తెచ్చి అప్పజెప్పేవారు. డాక్టరు చూసి, వయసుతో వచ్చే మరుపని, తగ్గేది కాదని, జాగ్రత్తగా చూసుకోవడమే మందని చెప్పాడు. కబురు తెలిసి మా నాయన చిత్తూరు నుంచి వచ్చాడు. ఆయనకు అక్కడ బెల్లం మండీ ఉండేది. ఆయన ఏ ఇంట్లోకి వచ్చినా కాగిన చెరుకు పాకం వాసన ముందుగా వచ్చేది. సంచిలోంచి మండీ తలుపులకు వేసే పెద్ద బీగం తీసి బల్ల మీద పెట్టాడు.

"అక్కా, నా మాట విను. నువ్వు కాలేజీకి పోయేటప్పుడు గేటుకు ఈ బీగమెయ్యి, వచ్చినాక తియ్యి. రేపు ఏ బస్సు కిందో పడితే ఎవరు జవాబు చెప్పేది?"

అత్త చాలాసేపు ఆ బీగాన్ని చూసింది. వేరే దారి తనకూ కనపడలేదు. సరే అంది.

బీగం పడిన మొదటి రోజు అవ్వ గేటు కమ్ములు పట్టుకుని ఊపింది. రెండో రోజు దారిన పోయే వాళ్లను పిలిచి వాకిలి తియ్యమని బతిమాలింది. తర్వాత అడగడం మానేసింది. కమ్ములు పట్టుకుని ఊరికే నిలబడేది. అన్నం ముందు పెడితే తినేది కాదు, కలిపి నోట్లో పెడితే మింగేది. అనపగింజలు చేతికిస్తే అట్లాగే గుప్పిట్లో పట్టుకుని కూర్చునేది, వేళ్లు కదిలేవి కావు. ఒక సాయంత్రం అత్త కాలేజీ నుంచి వస్తూ వీధి మలుపులో ఆగిపోయింది. ఆమె వెనకే వస్తున్న నేనూ ఆగాను. దూరం నుంచి గేటు వెనక అవ్వ కనిపిస్తోంది. అత్త కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని ఇంట్లోకి నడిచింది.

ఆ ఆదివారం నాయన అవ్వను చూడ్డానికి మళ్లీ వచ్చాడు. అందరం అన్నానికి కూర్చున్నాం. అత్త ఎప్పటిలాగే ఒక మాట మొదలుపెట్టింది. అది స్ట్రే.

మందలోంచి పక్కకు తొలిగి పోవడాన్ని అట్లా అంటారని చెప్పింది. పాత ఫ్రెంచి నుంచి వచ్చిందట. దాని వెనక లాటిన్లో హద్దు దాటి తిరగడమనే అర్థం ఉందని కొందరు, కాదు, బాట అనే అర్థమున్న మాటకు, మనం రోజూ అనే స్ట్రీటుకు, అది చుట్టమని మరికొందరు అంటారట. "ఆ రెండోదే నిజమైతే, బాటకు పుట్టిన మాట బాట విడిచి పోయిందన్న మాట" అంది. మొదట్లో అది పశువులకే చెల్లిందని, తర్వాత మనుషులకూ వాళ్ల బుద్ధులకూ అంటిందని, చర్చిలో దేవుణ్ణి మరిచినవాళ్లను స్ట్రే అయిన గొర్రెలంటారని, ఇప్పుడు వీధికుక్కలకు మిగిలిందని చెప్పింది. "మన మాటలో కూడా చూడండి, తప్పిపోవడం, తప్పు చెయ్యడం రెండూ ఒక తావునే పుట్టినాయి." అంతటితో ఆగకుండా పాత ఇంగ్లాండు చట్టం గురించి చెప్పింది. ఎవరిదో తెలియని పశువు ఊళ్లోకి వస్తే దాన్ని పట్టి, సంతలో చాటింపు వేయించేవారట. గడువులోపల సొంతదారు రాకపోతే అది ఆ ఊరి దొరదైపోయేదట. అందాకా దాన్ని ఉంచే చోటు మన బందెలదొడ్డి లాంటిదేనంది.

ఎన్నో రోజులుగా నోరు విప్పని అవ్వ తలెత్తింది.

"బందెలదొడ్లో మా ఎర్రెనుమును కట్టేసినారు" అంది.

నాయన కలుపుతున్న ముద్ద ఆపేశాడు. అత్త మెల్లిగా, "ఎప్పుడమ్మా?" అంది.

"నేను పావడా కట్టుకునేటప్పుడు. ఎవురి చేన్లోనో పడి మేసిందని తోలుకపోయినారు. మా నాయన ఊర్లో లేడు. నేను పోయి దాంతో పాటు ఆడనే కూసున్యాను. అది గడ్డి ముట్టలేదు, నీళ్లు తాగలేదు. నేను పక్కన ఉండాననేది తెలిసినాక తాగింది."

"దోవ తప్పి పోయిందా అమ్మా అది?"

"తప్పేదేంది. ఆడ పచ్చిక ఉండాది, పోయింది. దోవ తప్పిందనేది మనం."

అంతే చెప్పి, కంచంలోని ముద్ద తనే తీసుకుని నోట్లో పెట్టుకుంది. నాయన చెయ్యి కడుక్కోవడానికి లేచి పెరట్లో చాలాసేపు ఉండిపోయాడు. అత్త ఎంగిలి చేత్తోనే వరండాలోకి పోయి, మేం అన్నానికి కూర్చునేముందు వేసిన బీగాన్ని ఎడమ చేత్తో తీసి, గేటు తెరిచి పెట్టింది.

"అక్కా, బాగా ఆలోచించుకో" అన్నాడు నాయన, తువ్వాలు భుజాన వేసుకుంటూ.

"ఆలోచించినానురా. బీగమేస్తే బస్సు కింద పడదు, నిజమే. నిలబడిన తావునే అయిపోతాది. ఆమె పోనీ. నేను వెనకాల పోతాను."

పోతానంటే ఊరికే అన్నమాట కాదు. ప్రిన్సిపాల్‌ను అడిగి తన క్లాసులన్నీ పొద్దున పూటకు మార్పించుకుంది. పొద్దున కాలేజీకి పోయేముందు పక్కింటావిడను తోడు కూర్చోబెట్టేది. మధ్యాహ్నం నుంచి అత్త ఉండేది, సాయంత్రం నేనూ కలిసేదాన్ని. నడకకు ఆమె పెట్టుకున్న పద్ధతులు కొన్ని ఉండేవి. అవ్వకు కాస్త వెనకగా నడవాలి. పేరు పెట్టి పిలవకూడదు, యాడికని అడగకూడదు, చెయ్యి పట్టుకోకూడదు. రోడ్డు దాటే చోట మాత్రం ఎదురుపడిన మనిషిలాగా పక్కకొచ్చి, "నేనూ ఆ పక్కకే పోతా ఉండా, కలిసి పోదామా?" అనాలి. అవ్వ ఎప్పుడూ కాదనేది కాదు. అలిసిపోయి ఏ అరుగు మీదో కూలబడినప్పుడు, "ఇంటికి పోదామా?" అంటే బుద్ధిగా లేచి వచ్చేది. ఇల్లు యాడనేది ఆమెకు ఎట్లాగూ తెలియదు. పిలిచిన గొంతు మంచిదని మాత్రం తెలుసు.

మొదటి వారంలో అత్త అవ్వను తీసుకుని చుట్టుపక్కల వీధుల్లో ప్రతి అంగడీ ఎక్కింది. "ఈమె మా అమ్మ. మరుపు జాస్తి. ఇట్టా వస్తా ఉంటాది. ఆపొద్దండి, కోప్పడొద్దండి. కూసోబెట్టి నీళ్లియ్యండి, లేచి పోతే ఏ పక్కకు పోయిందో చూసి పెట్టండి. అంతే చాలు." నేను సిగ్గుతో తల దించుకునేదాన్ని. చుట్టాల్లో ఒకావిడ, తల్లికి మతి పోయిందని ఊరంతా చెప్పుకుంటారా ఎవరైనా అని మొహం మీదే అడిగింది. "సంతలో చాటింపు వేయించేది వాళ్ల చట్టంలోనే ఉండాది పిన్నమ్మా" అని అత్త చెప్పిన జవాబు ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ రోజు నుంచి నేనూ తలెత్తుకుని నడిచాను.

అవ్వ కోలుకుందని చెప్పను. మరుపు పెరుగుతూనే పోయింది. అయితే ఆకలి తిరిగొచ్చింది, నిద్ర తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. అరవం యాసలో తెలుగు మాట్లాడే ఇడ్లీల సెల్వమ్మ ఆమెకొక చిన్న ముక్కాలి పీట కేటాయించింది. మునిరత్నం ఇస్త్రీ బండి నీడలో కూర్చుని, అవ్వ అతని చిన్నప్పటి సంగతులన్నీ తనే చూసినట్టు చెప్పేది. అతను ఊఁ కొట్టేవాడు. ఒకరోజు అత్త లైబ్రరీ నుంచి ఎగిరి గంతేసేంత సంబరంగా వచ్చింది. ఉత్తర ఇంగ్లాండులో కొన్ని ఊళ్లలో, ఊరందరి పశువులూ తోచినట్టు మేసేందుకు వదిలిన మైదానం పేరే స్ట్రే అట. తొలిగి పోవడమనే మాట, తిరగనిచ్చే నేలకు పేరైపోయింది. "అమ్మా, నీకు కూడా ఒకటి ఉండాది, ఈ నాలుగు వీధులూ నీ స్ట్రే" అంది. "పన్ను కట్టల్నా?" అని అడిగింది అవ్వ.

అన్నీ సాఫీగా జరిగాయని కాదు. ఎండాకాలంలో గంగమ్మ జాతర వచ్చింది. ఒంటినిండా సుద్ద పూసుకుని వేపమండలు కట్టుకున్న బైరాగి వేషాలవాళ్లు, చీరలు కట్టుకుని ఒంటినిండా నగలు పెట్టుకున్న మగవాళ్లు, డప్పులు, పసుపునీళ్లు. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఆ రోజు అవ్వ మామూలు దారి వదిలి డప్పుల వైపు తిరిగింది. మేం వెనకే ఉన్నాం. వేషగాళ్ల గుంపొకటి మా మధ్యకు వచ్చింది. గుంపు దాటేసరికి అవ్వ లేదు.

అత్త మొహంలో రక్తం దిగిపోవడం అప్పుడు చూశాను. జాతరకని చిత్తూరు నుంచి వచ్చి ఇంట్లో ఉన్న నాయనకు కబురు పెట్టాం. ఆయన వచ్చి అక్కను ఒక్క మాట అనలేదు. అనకపోవడానికే నాకు భయమేసింది. ముగ్గురం వీధులు పట్టుకుని పోయాం. మునిరత్నం బండి వదిలేసి మాతో వచ్చాడు. సెల్వమ్మను అడిగితే, పీట దగ్గర ఆగకుండా గుడి పక్కకు పోయిందని చెప్పింది. మలుపులో సైకిలు షాపతను, సోడా తాగించి పంపినానన్నాడు. ఆ అవతల టైలరు, మీ అమ్మ ఇప్పుడే ఎడం పక్క సందులోకి తిరిగిందమ్మా, నేను మా పిల్లోణ్ణి పంపి చూపిస్తానని లేచాడు. నాయన ఒక్కొక్కర్నీ వింతగా చూస్తున్నాడు. వాళ్లెవరూ ఆయనకు తెలియదు. వాళ్లందరికీ ఆయన తల్లి తెలుసు.

ఆ సందు చివర, పుత్తూరు దిక్కు పల్లె నుంచి జాతరకు వచ్చిన కుటుంబం ఒకటి చెట్టు నీడన పెద్ద తపేలాలో రాగి అంబలి కలిపి దారిన పోయేవాళ్లకు పోస్తోంది. తపేలా పక్కన మా అవ్వ కూర్చుని గరిటె పట్టుకుంది. మజ్జిగ పలచనైందని ఆ ఇంటి కోడల్ని మందలిస్తోంది. ఎవరో పెద్దామె, తమవాళ్లలోనే ఎవరికో అమ్మేమో అనుకుని ఆ కోడలు అలాగేనంటోంది. అత్త పోయి ఎదురుగా నిలబడింది. అవ్వ తలెత్తి చూసింది.

"ఎవురి బిడ్డవు మే? ఎండన పడి వచ్చినావు. కూసో, రోంత తాగు."

అత్త ఆ దుమ్ములోనే కూర్చుంది. గ్లాసు అందుకుని గుక్కలు గుక్కలుగా తాగింది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. నాయన కాసేపు నిలబడ్డాడు. తర్వాత పంచె సర్దుకుని ఆయనా అక్క పక్కన కూర్చున్నాడు. "నాగ్గూడా పొయ్యమ్మా" అన్నాడు. అవ్వ ఆయనకూ పోసింది. ఆ రోజు తర్వాత నాయన బీగం మాట ఎత్తలేదు. వచ్చినప్పుడల్లా సాయంత్రం నడకకు తనూ వచ్చేవాడు.

అవ్వ మరో రెండు చలికాలాలు బతికింది. ఒక మధ్యాహ్నం నడకనుంచి వచ్చి, వరండాలో నడుం వాల్చి, నిద్రలోనే పోయింది. పేరు కూడా తెలియని మనుషులు అంగళ్లు కట్టేసి పాడె వెనక నడిచారు.

ఇప్పుడు నేనుండేది చిత్తూరులో ఒక అపార్టుమెంటులో. కింద ఇంట్లో ఒక పెద్దాయనకు ఇదే మరుపు. కొడుకు మంచివాడు. తండ్రి మెడలో, యాడున్నాడో ఫోనులో చూపించే బిళ్ల వేశాడు, తలుపుకు అంకెలు నొక్కితే తెరుచుకునే బీగం పెట్టాడు. అతన్ని తప్పు పట్టలేను. ఆ పెద్దాయన బయటికొస్తే, మంచినీళ్లిచ్చి ఏ పక్కకు పోయాడో చూసి పెట్టే వీధి ఆ కొడుక్కి లేదు. మా అత్తకు కూడా ఆ వీధి ఊరికే దొరకలేదు. సిగ్గు చంపుకుని, అంగడంగడీ ఎక్కి, మనిషి మనిషితో మాట్లాడి తయారు చేసుకుంది. అప్పటి మనుషులు మంచివాళ్లు, ఇప్పటివాళ్లు కారు అని తేల్చెయ్యడానికి అందుకే నాకు మనసొప్పదు. ఇప్పుడూ ఎవరైనా ఎక్కి అడిగితే ఇక్కడి అంగళ్లవాళ్లు కూడా కాదనరేమో. అడిగే మనిషి కావాలి.

అత్త రిటైరై ఆ ఇంట్లోనే ఉంది. కాణిపాకం నుంచి వచ్చిన రోజు సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాను. వేలూరు పెద్దావిడ సంగతి చెప్పి, ఇన్నేండ్లలో ఎప్పుడూ అడగని మాట ఒకటి అడిగాను. అవ్వను అట్లా వదిలి వెనకాల నడిచావు గదా అత్తా, నీకు ఎప్పుడూ భయం కాలేదా అని.

"భయం కాకుండా ఎట్టుంటాది మే?" అంది. "గేటు తీసిన దినం నుంచి ఆమె పోయిన దినం దాకా భయమే. ఆమెకు మాత్రం తెలీనీలేదు."